ఎత్తు

మాకు తేదీలుండవు. ఎత్తులుంటాయి.
నలభై ఒక్క లక్షల ఇరవై వేల బ్లాకు దగ్గర
పాత నియమం కన్నుమూస్తుంది, కొత్తది కళ్లు తెరుస్తుంది.
అది బుధవారం రాత్రో, గురువారం మధ్యాహ్నమో
గొలుసుకే తెలియాలి.
ఆ వారం పళ్ల డాక్టరు దగ్గర నా వంతును
పెన్సిల్‌తో రాయించుకున్నాను.

కుతాయిసీలో వాన.
నుగ్జార్ రొట్టెల కొట్టు వెనకగదిలో కూర్చుని
సమావేశం మినిట్స్ రాస్తుంటాను.
అతని నోడ్ పిండి బస్తాల మధ్య గుర్రుపెడుతుంటుంది.
దాని వేడికి ముద్ద గంట ముందే పొంగుతుందని
వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు.

తెర మీద పదిహేడు గడులు.
ట్రామ్సోలో సీగ్రిడ్‌కి ఇంకా తెల్లారలేదు,
నెలన్నరగా తెల్లారలేదు.
మాంటెవీడియోలో ఫాబ్రిసియో మాతే పీలుస్తున్నాడు.
ఒకడికి ముఖం లేదు, పేరూ లేదు,
కోడ్ మాత్రం ముగ్గు వేసినట్టు రాస్తాడు.

మాకు అధ్యక్షుడు లేడు.
ఉంటే అతన్ని తిట్టుకుని హాయిగా ఇంటికెళ్లేవాళ్లం.
ఓటూ లేదు. "అభ్యంతరం ఉందా?" అని అడిగి
పది సెకన్లు ఆగుతాం.
ఆ పది సెకన్లే మా రాజ్యాంగం.
మధ్యలో ఎవరింట్లోనైనా కుక్క మొరిగితే
మళ్లీ ఒకటి నించి లెక్కపెడతాం.

ఎనిమిదో అంశం: పాత సంతకం పద్ధతి తొలగింపు.
పద్నాలుగు వరసల కోడ్. నాచు పట్టిన మెట్టు.
ఎవడో ఒకడు దాని మీంచే ఇంట్లో దూరతాడని సీగ్రిడ్ భయం.
"ఎలాగూ ఎవరూ వాడటం లేదు."
"ఒక్కరు వాడుతున్నారు," అన్నాడు ముఖం లేనివాడు.

ఒక్కరు.
ప్రతి నెలా మొదటి వారం
ఒకే చిరునామా నించి ఇంకొక చిరునామాకి
నాలుగు కిలోల జున్ను కొనేంత సొమ్ము.
ఆరేళ్లుగా. ఆ పాత సంతకంతోనే.

ఎవరు?
ఆ ప్రశ్నకి జవాబు దొరక్కుండా
మేమే కదా ఇంత కష్టపడి కట్టింది.
చిల్లర పైసాకి కబురు కట్టి పంపాం, ఐదు భాషల్లో:
వాలెట్ మార్చుకోండి, గడువు దగ్గరపడింది.
ఆ కబురు అక్కడే ఉంది. చెరిపే వీల్లేదు.
మరుసటి నెల సొమ్ము ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలింది.

"మనిషి కాకపోవచ్చు," అన్నాడు ఫాబ్రిసియో,
"మనిషి పోయాక కూడా తిరుగుతున్న ఫ్యాను కావచ్చు."
"అందుకునేవాళ్లకి ఆ గాలి తగుల్తోంది కదా,"
పిండి చేతులతో నుగ్జార్, పిలవకుండానే తెరలోకి వంగి.

అభ్యంతరం ఉందా?
నాలుగు. ఐదు. అతను నోరు తెరిచాడు.
పొయ్యిలోంచి మాడు వాసన.
అటు పరిగెత్తాడు.
ఎనిమిది. తొమ్మిది.
ఆమోదం, అని రాశాను.
కుక్క కోసం ఆగిన లెక్క
రొట్టె కోసం ఆగలేదు.

ఎత్తు రానే వచ్చింది. గురువారం, మూడూ పదకొండుకి
నేను డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను.
జేబులో ఫోను ఒక్కసారి వణికింది.
ఏమైనా చెప్పాలా, అని డాక్టరు ఆగింది.
అడ్డంగా తలూపాను.

నుగ్జార్ మార్చుకోలేదు.
జగడమూ లేదు, జెండా లేదు. "తీరికేదీ," అన్నాడు.
అతని గొలుసు ఆ ఎత్తు దగ్గరే నిలిచిపోయింది.
మా కొత్త బ్లాకులు వెళ్లి తలుపు కొడితే
మీరెవరో తెలీదంటోంది.

నెల మొదటి వారం రమ్మన్నాడు.
చేతిలో వేడి రొట్టె పెట్టి, తెర చూపించాడు.
వేచి ఉన్న వరసలో ఒకే ఒక్క చెల్లింపు.
నాలుగు కిలోల జున్ను. పాత సంతకం.
లోకంలో ఏ యంత్రాన్నడిగినా చెల్లదు పొమ్మంది.
ఇక్కడ, పిండి బస్తాల మధ్య మాత్రం కూర్చోమన్నారు,
ఎక్కించుకునే బండి ఇక రాని స్టేషన్లో.

రొట్టె సగం తిన్నాను. చాలా బాగుంది, అదీ చెప్పలేదు.
తర్వాతి మార్పు కోసం ఖాళీ పుట తెరిచి
మొదటి అంశం, అని రాసి
నాలో నేను లెక్కపెట్టుకుంటున్నాను.
ఏడు. ఎనిమిది.
వెనకాల నుగ్జార్ దగ్గాడు.

ఒకటి.