తడి దూది

మొదట పొట్ట మీద, నా బొటనవేలంత.
తర్వాత తొడల లోపల.
పసుపచ్చ బొచ్చు కింద
ఇంత గులాబీ చర్మం ఉందని
నాకూ తెలీదు, నెత్తల్లికీ తెలీదు.

పిల్లి పేరే నెత్తల్లి.
ఫిషింగ్ హార్బర్లో వల దులిపితే
చేపల్తో పాటు రాలిందని మా జోజప్ప అబద్ధం.

జ్ఞానాపురంలో కారణాలకు కొదవా?
"కవళ్ళు ఎక్కువ పెట్టేత్తన్నావు, ఏడి సేసీసింది" అంది ఎర్రయ్యమ్మ.
తామర అన్నాడు మందుల షాపు కుర్రాడు, ట్యూబు కూడా అమ్మాడు.
మా అత్త నుదుటి మీద శిలువ గీసి
ఎందుకైనా మంచిదని మిరపకాయలూ తిప్పింది.
పిల్లి తుమ్మింది.
"పోర్టు డస్టు" అన్నాడు జోజప్ప.
ఇరవై ఏళ్ళుగా బొగ్గు బెర్తులో పని,
కూర మాడినా అతనికి అదే కారణం.

పశువుల ఆసుపత్రిలో
ముందు ఓ గేదె, ఓ మేకపిల్ల, ఆ తర్వాత మేము.
డాక్టరమ్మ నా మాటలు సగమే విన్నది.
ఒక్క వెంట్రుక లాగి, సూక్ష్మదర్శినిలో పెట్టి
నన్నూ చూడమంది.
కొస చీలి ఉంది, నమిలి పారేసిన వేపపుల్లలా.
"ఇది రాలింది కాదమ్మా, కొరికింది.
మీరు నిద్రపోయాక నాకుతోంది.
ఎందుకో అది చెప్పదు కదా."

సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో దువ్వితే
నల్లటి నూక రాలింది.
నాకు సిగ్గేసింది.
"పోర్టు డస్టండీ. మా అన్నంలోనూ ఉంటది."
ఆవిడ నవ్వలేదు. తడి దూది మీద అద్దింది.
"బొగ్గయితే బొగ్గులానే ఉంటుంది. చూద్దాం."

ఫ్యాను తిరుగుతోంది.
చాలా చుక్కలు నల్లగానే ఉన్నాయి.
మూడో నాలుగో మాత్రం
చుట్టూ తుప్పురంగు వదిలి
మెల్లగా ఎర్రబడ్డాయి.

మిన్నల్లి.
చర్చిలో తప్ప ఆ మాట నేనెక్కడా వినలేదు.
అది తాగి విసర్జించిన రక్తం, నెత్తల్లిదే.
"ఒక్కటి కుట్టినా కొన్ని పిల్లులకు పడదు."

మెడ వెనక చుక్కల మందు. దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో.
ఆరు వారాలకి పొట్ట మీద
మూడోరోజు గడ్డంలా గరుకు.
తన మిరపకాయలే పనిచేశాయని అత్త.
నా మాట సగం నిజమే కదా అని జోజప్ప, దగ్గుతూ.

ఆ రాత్రి అతని జేబురుమాలు ఉతకబోయి ఆగాను.
మరక ఉన్నచోట తడిపి
బల్బు కింద పట్టుకుని
అరవై దాకా లెక్కపెట్టాను.

నల్లగానే ఉంది.

సంతోషించాలా అని ఎవర్నడగను?
నెత్తల్లి వచ్చి
బకెట్టు అంచు వాసన చూసి వెళ్ళిపోయింది.