కనబడలేదు

పొద్దున ఏడున్నరకి చెంగల్రాయుడు తెస్తాడు
మూత బిగించిన డబ్బాలో అర లీటరు బురద.
"మేడమ్, ఈరోజు సరుకు చిక్కంగా ఉండాది,
పెరటాసి నెల గదా" అంటాడు.
తిరపతి కడుపెప్పుడు నిండుతుందో
ఆయనకి పంచాంగం అక్కర్లేదు.

ఈ డబ్బాలో ఎవరెవరున్నారో నాకు తెలీదు.
వేలూరు నుంచి నడిచొచ్చినాయన,
షోలాపూర్ బస్సు దిగి లాడ్జి మెట్ల మీదే కూలబడిన ముసలామె,
గాంధీ రోడ్డు మెస్సులో ఎంగిలాకులెత్తే పిల్లోడు,
నేను.
రేణిగుంట దారిలోని ఈ తొట్లకొచ్చేసరికి
అందరిదీ ఒకటే రంగు.

వడగడతాను.
సెంట్రిఫ్యూజు పాత గ్రైండరు మాదిరి
గొణుక్కుంటూ తిరుగుతుంది.
తర్వాత పంచదార పాకంలో తేలేస్తాను.
అవును, పంచదారే.
ఇసుక అడుక్కి పోతుంది, తేలికైనవి పైకొస్తాయి.
ఫోన్లో చెబితే మా అమ్మ అసహ్యపడలేదు,
"పాకం ఏ పదునులో?" అనడిగింది.
తీగ రాకముందే దించేస్తామని చెప్పినాను.

ఎర్ర రంగు పోసి, ఆసిడ్‌తో కడిగి,
వెనకాల ఆకుపచ్చ అద్ది
కన్ను ఆనిస్తే
పచ్చగడ్డిలో రాలిన దానిమ్మ గింజ.
ఒక వెంట్రుక మందంలో
పది పన్నెండు పక్కపక్కన కూర్చుంటాయి.
ఈ ఊళ్ళో వెంట్రుక కొలత ఎవరికి తెలీదు?

క్రిప్టోస్పోరిడియం.
చెంగల్రాయుడు మూడుసార్లు పలకబోయి, విసుగొచ్చి,
"దొంగగింజ" అని పేరు పెట్టేశాడు.
ఆ గ్రీకు మాటకీ ఇంచుమించు అదే అర్థమని
నేను చెప్పలేదు. పేరు ఆయనదే ఉండనీ.
క్లోరిన్ దీనికి తలంటు.
ఎండంటేనే కాస్త భయం.

ఒకరోజు నా చూపుకే పరీక్ష పెట్టుకున్నాను.
ఉడికించి చంపిన బురదలో
లెక్కపెట్టి వంద గింజలు నా చేత్తోనే వేసి
మళ్ళీ నేనే వెతికాను.
సాయంత్రానికి దొరికినవి ముప్పై నాలుగు.
మిగతా అరవై ఆరు
గాజుకంటుకున్నాయో, ఇసుక చాటున నక్కాయో,
నేను రెప్ప వేసినప్పుడు దాటుకున్నాయో.
అప్పట్నుంచీ "లేవు" అని రాయడానికి
చెయ్యి రాదు.

నిన్న కరకంబాడి దొరస్వామి వచ్చాడు,
టమోటా మడికి ఎరువు కావాలని.
ట్రాక్టరు బయట నిలబెట్టి, తువ్వాలు దులిపి,
"ఉండాయా, లేవా? ఒక్క మాట చెప్పమ్మా."
మూడు స్లైడులు, మూల మూలా చూశాను.
ఏమీ లేవు...
కాదు, ఏమీ కనబడలేదు.

ఇంజినీరు పెన్ను నా వైపు జరిపాడు.
"లేవు అని రాసెయ్యమ్మా,
రెండక్షరాలతో పోయేదానికి ఆరెందుకు?"
ఆ మిగిలిన నాలుగక్షరాల్లోనే
అరవై ఆరూ ఉన్నాయి సార్,
అనబోయి ఊరుకున్నాను.
ఆరూ రాశాను.

దొరస్వామి కూడబలుక్కుని చదివాడు.
"అంటే?"
"పలచగా పరిచి మూణ్ణెల్లు ఎండబెట్టన్నా.
ఆ తర్వాత మామిడి పాదుల్లో వేసుకో.
పచ్చిగా కొరుక్కుతినేదానికి వద్దు."
"మూణ్ణెల్లు టమోటా ఆగుతుందా తల్లీ?"
ఆగదు. నాకూ తెలుసు.

చీకటి పడేటప్పుడు
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ
చెంగల్రాయుడు అడిగాడు:
ట్రాక్టరు ఉత్తదే పోయిందా,
వెనక గేటు కాడ ఆగిందా?

కనబడలేదన్నాను.