వాన బరువు

జులైలో ఉన్ని అబద్ధమాడుతుంది.
వంద గ్రాముల చిలప
తక్కెడలో నూట పద్దెనిమిది తూగుతుంది.
ఆ పద్దెనిమిదీ వానే.

చిలోయే దీవిలో వానని అమ్ముకోవడం ఎంత తేలిక!
మా మేనత్త క్లోరిందా మాత్రం
పొయ్యి వెనక తాడు కట్టి
ఆరాకే తూచేది.
"ఆకాశం సరుకు మనది కాదే పిల్లా" అనేది.
అత్త పోయింది. తాడు ఉంది.

కొట్టు పొడవు పదకొండడుగులు.
సముద్రంలోకి దిగిన కొయ్యకాళ్ళ మీద నిలబడింది.
ఆటు వేళ కింద బురద, పీతలు,
ఎవరిదో ఎడమకాలి బూటు.
పోటు వేళ నేలపలకల సందుల్లోంచి
నీళ్ళు నా లెక్కలు వింటాయి.

ఏప్రిల్లో ఆపిల్ గానుగల దగ్గర్నుంచి
తిన్నగా వచ్చేస్తారు ఆడవాళ్ళు, జిగురు వేళ్ళతో.
ముట్టుకోవద్దని ఎలా అనను?
ముట్టుకోకుండా ఉన్నినెవరు కొన్నారు?
పడుచుపిల్లలు చెంపకి ఆనించుకుంటారు,
ముసలమ్మలు మెడకి.
మెడ మోసపోదు.

నవంబర్లో ఎలిసెయో గోనెలు దించుతాడు,
అప్పుడే కత్తిరించిన బొచ్చు, పేడా పల్లేరులూ సహా.
ప్రతి గోనె అడుగునా ఒక రాయి.
నేనేమీ అనను. తీసి గుమ్మం పక్కన పేరుస్తాను.
ఇరవై ఏళ్ళ రాళ్ళు,
ఇప్పుడు బస్సు కోసం చూసేవాళ్ళకి అరుగు.
ఎలిసెయో కూడా దానిమీదే కూచుని
చుట్ట కాలుస్తాడు.

జనవరి మాకు ఎండాకాలం.
శాంటియాగో వాళ్ళు చెమటలు తుడుచుకుంటూ
మందపాటి టోపీలు కొంటారు.
ఈ గోధుమరంగు దేనిది?
చెట్టుకొమ్మలకి గడ్డంలా వేలాడే నాచుది.
ఈ పసుపు?
ముళ్ళపొద బెరడుది.
పై అరలో ఆ నీలం?
అది అమ్మకానికి కాదు.

అది రెమిహియో బర్రియాది.
చేపల ఫ్యాక్టరీలో కత్తి పని.
జీతం రోజు చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని వచ్చేవాడు.
ఒక్కటే చిలప, ఎప్పుడూ ఆ నీలమే.
మొత్తం పన్నెండు కావాలన్నాడు.
ఎవరికో నేనడగలేదు, తను చెప్పలేదు.
అల్లేది తనేనని మాత్రం
చూపుడువేలి మీది కాయ చెప్పింది.

ఒకే కాగులో ఒకే పూట వేసిన రంగది.
మళ్ళీ వేద్దామన్నా నాకే రాదు.
ఆ నీళ్ళు వేరు, ఆ కట్టెలు వేరు,
కలియబెట్టిన నా చేతులూ వేరు.

ఏడు పట్టుకెళ్ళాడు.
ఫ్యాక్టరీ మూతపడింది.
అయిదు మిగిలాయి, కాగితం సంచిలో,
పైన చీటీ, చీటీ మీద పేరు.

ఏడింటితో ఒళ్ళు వరకూ అవుతుంది.
ఎక్కడో ఒక స్వెటర్ చేతుల్లేకుండా ఉంది.
దాని చేతులు నా అరలో ఉన్నాయి.

మొన్న జనవరిలో ఒకావిడ
రెట్టింపు ఇస్తాను, సంచి దించమంది.
"చిమ్మెటలు కొట్టేశాయమ్మా" అన్నాను.
కిటికీలో పిల్లి
నావైపు చూసి, ఒళ్ళు నాక్కోవడంలో పడిపోయింది.
జులైలో ఉన్ని,
జనవరిలో నేను.

ఈ ఉదయం వాన కాస్త తెరిపిచ్చింది.
ఏం తోచిందో, అయిదింటినీ దించి
అత్త తాడు మీద వేశాను.
మధ్యాహ్నం దాకా ఆవిరి కక్కుతూనే ఉన్నాయి,
బొచ్చు వాసన, పాత గొర్రె వాసన,
ఎక్కడో లోపల
ఒక్క రవ్వ నిమ్మ వాసన.
నా భ్రమే కావచ్చు, ఇవి అతను ముట్టినవి కావుగా.

ఆరాక తూచాను.
అయిదూ కలిపి నాలుగు వందల తొంభై ఆరు.

నాలుగు గ్రాములు తక్కువ.

తక్కెడ దులిపి మళ్ళీ తూచాను. అంతే.
నిజంగానే చిమ్మెట పడిందేమో!
కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో
వెతుక్కుంటున్నాను.