వెంట్రుక మందం

మా ఓబ్దూలియా పిన్ని కొత్త కారుని
నిద్రపోయే పిల్లాణ్ణి మోసుకొచ్చినట్టు
నా షాపులోకి తెచ్చింది.
మీటరు మీద నలభై ఒక్క కిలోమీటర్లు,
సీట్ల మీద ఇంకా పాలిథిన్ కవర్లు,
బానెట్ మీద బూడిద.

ప్వెబ్లాలో ఆ వారమంతా కొండ దగ్గుతూనే ఉంది.
డాన్ గోయో అంటాం దాన్ని,
వీధి చివరి పెద్దాయన్ని పిలిచినట్టు.
పొద్దున లేచేసరికి మేడలూ కుక్కలూ కార్లూ
అన్నీ ఒకే రంగు.
మెత్తగా కనిపిస్తుంది గానీ అది నూరిన గాజు.
పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచావా,
నీ చేతి తొందరంతా
పెయింటు మీద గీతలై మిగిలిపోతుంది.

"చెప్పరా ఫెర్మీన్, తొడుగు వేయించనా, వద్దా?"

కేటలాగు తెరిచాను.
మసక బూడిద, ఆలివ్ పచ్చ,
ఎండలో ఊదా, నీడలో రాగి అయ్యే ఊసరవెల్లి.
ఇరవై ఎనిమిది వేల పెసోలు, నువ్వు కాబట్టి ఇరవై మూడు.
ఐదేళ్లు దిగుల్లేదు, విసుగొస్తే
అరటితొక్కలా ఒలిచేయొచ్చు అన్నాను.
అందరికీ ఇదే చెబుతాను.
ఒలిచాక జిగురు వదలని సంగతి
అడిగితేనే చెబుతాను.

పిన్ని అడిగింది.

అడగదా మరి!
ఇరవై రెండేళ్లు కార్ల ఫ్యాక్టరీలో
ట్యూబులైట్ల సొరంగం చివర నిలబడ్డ మనిషి.
నిమిషానికో కారు.
గ్లవ్ తొడిగిన వేళ్లతో తలుపు నిమిరి
కంటికి ఆనని నలుసుని పట్టేది.
సుద్దముక్కతో చిన్న సున్నా చుట్టేది.
సున్నా పడితే కారు వెనక్కే.
సెంటు కూడదు, తలకి స్ప్రే కూడదు,
ఒక్క తుంపర చాలు, రంగు కళ్లు తేలేస్తుందట.
పెళ్లిరోజు బుధవారం పడిన ఏడు
ఏ వాసనా లేకుండానే జరుపుకుంది.

"తుప్పుకి ఒక పూత, దాని మీద ఇంకోటి,
ఆపైన నీలం, నీలం మీద నీళ్లలాంటి వార్నిష్.
అన్నీ కలిపి ఎంతనుకున్నావు? వెంట్రుక మందం.
ఆ వెంట్రుక మీదే నా జీతం, నీ చెల్లెలి చదువు, ఈ కారు.
దాని మీద నువ్వు ప్లాస్టిక్ కప్పుతానంటావు."

పైన పటారం, లోన లొటారం అంటారే,
ఇక్కడ తిరగబడింది,
లోపలిదే పటారం, పైనున్న లొటారం నా సరుకు.
నేను నవ్వాను. తను నవ్వలేదు.

కారు కడిగాను. తుడవకుండా,
పైనుంచి బకెట్ తర్వాత బకెట్.
బూడిద బురదై కాలువ పట్టాక
లైట్ల కింద నీలం ఊపిరి తీసుకుంది.
పిన్ని అలవాటు కొద్దీ నిమురుతూ వెళ్లింది.
కుడి వెనక తలుపు దగ్గర చెయ్యి ఆగింది.
కళ్లద్దాలు తీసింది. పెట్టుకుంది. మళ్లీ తీసింది.

వార్నిష్ కింద ఒక పోగు.
కనురెప్ప వెంట్రుకంత, కొంచెం వంగి.
లైటు అటూ ఇటూ తిప్పితే గానీ
నాకూ దొరకలేదు.

చట్రం మీది స్టిక్కరు నాచేత చదివించింది.
మార్చి పద్నాలుగు, రెండో షిఫ్టు.
"నాదే."

కాసేపు షాపులో కంప్రెసర్ ఒక్కటే మాట్లాడింది.

"ఫిల్మ్ వేస్తే అదీ కనపడదు పిన్నీ," అన్నాను
సాయం చేస్తున్నాననుకుని.
"అదేరా. అప్పుడు నాకొక్కదానికే కనపడుతుంది."

ఈమధ్య సుద్దముక్క జేబులోనే ఉండిపోతోందట.
పక్కన నిలబడే ఇట్సెల్ అనే పిల్ల
ఏమీ అనకుండా తన సున్నాలు కూడా చుడుతోందట.
ఇంట్లో చెప్పలేదు.
నాకెందుకు చెప్పిందో తెలీదు,
ఇద్దరి చేతులూ తడిగా ఉన్నందుకేమో.

బానెట్‌కీ పైకప్పుకీ మాత్రం,
బూడిద రాలే చోట,
రంగులేని ఫిల్మ్ వేశాను. నాలుగు వేలు.
తలుపుల జోలికి వెళ్లలేదు.

బయల్దేరే ముందు జేబు తడుముకుని
ఆ పోగు చుట్టూ సున్నా గీసింది.
"మంగళవారం కళ్ల డాక్టరు. నువ్వు నడుపుతావా?"

చొలూలా రోడ్డెక్కుతుంటే మళ్లీ రాలడం మొదలైంది.
వైపర్లు వేయకు అని అరవబోయాను.
వేయలేదు తను.
ఆ సంగతి నాకు చెప్పిందే తను.