ఒక దిక్కే రాసిన కాగితాలు

తొమ్మిది రోజులు చెత్తను తూకం వేశాను.
బాలుర హాస్టల్ వెనక తుమ్మకొమ్మకు
కాంటా వేలాడదీసి
ముక్కుకు చున్నీ చుట్టుకొని
నోటుబుక్కులో గీతలు గీసుకుంటూ.

బుధవారం కోడికూర. బొక్కలు పన్నెండు కిలోలు.
గురువారం ఉప్మా. యాభై ఒక్కటి.
నీళ్ల సీసాలు మాత్రం లెక్కకు అందవు,
బస్తా నిండుతుంది, ముల్లు కదలదు.
నల్గొండలో నీళ్లు కొనుక్కొని తాగడం
మా అమ్మమ్మల మోకాళ్లు నేర్పిన పాఠం.
తాగిన సీసా ఎక్కడ వెయ్యాలో
ఆ పాఠంలో లేదు.

ఆకుపచ్చ డబ్బా తడికి, నీలం డబ్బా పొడికి
అని మూడు భాషల్లో రాసి ఉంది.
చదువుకున్నవాళ్లం రెండు వేల మందిమి
బత్తాయి తొక్కలు నీలంలో వేస్తాం,
జ్యూస్ గ్లాసులు ఆకుపచ్చలో.
చదవడం రాని సైదమ్మ
రెండింటినీ నేలమీద కుమ్మరించి
ఒక్కో కవరునూ చెవి దగ్గర నలుపుతుంది.
"ఇది కరకరమంటది, కిలోకు ఎన్మిది.
ఇది నోరే తెరుస్తలేదు, దీన్నెవడు కొంటడు?"

కూర్చుంటే లేవలేదు.
లేస్తే వంగలేదు.
"నా మోకాలు పెద్ద ఆఫీసరు బిడ్డా,
రెండు సార్లు బతిమాలితే గాని కదలదు."
నవ్వాలా వద్దా తెలియక
నేను కాంటా ముల్లు చూశాను.

ప్రాంగణంలో వ్యర్థాల తగ్గింపు,
అదీ నా థీసిస్ పేరు.
నూట నలభై పేజీలు.
మార్జిన్ తప్పిందన్నారు మా గైడ్.
మళ్లీ నూట నలభై.
అక్షరాల సైజు మార్చమన్నారు.
మళ్లీ.
నాలుగో బొమ్మ తలకిందులుగా పడింది.
గేటు బయట జిరాక్సు నర్సిరెడ్డి
నన్ను చూస్తే చాలు మిషన్ వేడి చేసేవాడు.
పాత ప్రతులన్నీ నీలం డబ్బాలోనే వేశాను,
అందులో మాత్రం తప్పు చేయలేదు.

లైబ్రరీ మెట్ల మీద ఆపింది సైదమ్మ,
చంకలో కట్ట.
"ఇవి నీయేనా?
ఒక దిక్కే రాసినవ్.
ఇంకో దిక్కు సుక్క సిరా లేదు.
కాగితానికి ఈపుండదా?"

మూడో అధ్యాయంలో ఉంది జవాబు,
నాలుగు దేశాల ఉదాహరణలతో సహా.
నోటికి రాలేదు.

దబ్బనంతో, గోనెదారంతో
ఆమె అయిదు పుస్తకాలు కుట్టిందట.
మనవడు మణిదీప్, పానగల్లు బడిలో మూడో తరగతి.

వైవా అయిపోయిన ఆదివారం
కాంటా తిరిగి ఇవ్వడానికి వెళ్లాను.
రేకుల షెడ్డులో, బోర్లించిన డ్రమ్ము మీద
వాడు రాసుకుంటున్నాడు.
పారేసిన అన్నం పట్టిక వెనక పదహారో ఎక్కం.
పదహారేడ్లు నూట పన్నెండు,
నా పట్టికలో కూడికలు తప్పాయి గాని
వాడివి తప్పలేదు.

పారిశుద్ధ్య సిబ్బంది: నలుగురు, ఒప్పంద పద్ధతిన.
ఆ పేజీ వెనక
'మా ఇంట్ల మనుషులు' అని వాడి హోంవర్కు.
నాయినమ్మ పేరు సైదమ.
ఎండకు ఎత్తి పట్టుకుంటే
నా నలుగురి మీదుగా
ఆ పేరు తిరగబడి కనిపించింది.

"తప్పుందా అక్కా?"
పెన్సిలు ఇచ్చాడు.
మ కింద ఒత్తు పెట్టాను.
తొమ్మిది రోజులు ఆమె పక్కన నిలబడి
నేను ఎక్కడా రాయని పేరు.

లోపల బస్తాల చాటునుంచి కేకేసింది:
"కాంటా ఆడనే పెట్టు బిడ్డా.
దుమ్ము పడకుంట మీదికేలి ఏదన్న కప్పు."

కప్పడానికి నా చేతిలో
బంగారు అక్షరాల అట్ట వేయించిన ప్రతి ఒక్కటే ఉంది.
అదీ ఒక దిక్కే రాసింది.