నూరేళ్ళ వెండి

పన్నెండు అంతస్తుల తెల్ల మేడ ఒకటి
తెల్లారేసరికి మత్రా రేవులో నిలబడి ఉంది.
దాని పక్కన కొండ మీది కోట
పిల్లలు ఆడి వదిలేసిన గురిగిలా ఉంది.

"ఓడ దిగుతున్నరు" అని నౌషాద్ ఫోను.
ఇక ఆరు గంటలు మాకు తిరునాళ్ళు.
సాంబ్రాణి రాజెయ్యి. చైనా ఒంటెల్ని ముందుకు జరుపు.
శాలువా ఏ ఊరిదని అడిగితే
నవ్వు. ధర చెప్పకముందే సగం తగ్గించు.

నేనుండేది పరదా వెనక.
కుంపటి, ఊదుగొట్టం, వెలిగారం డబ్బా,
మా తాత శ్రావణం.
అది ఆయుధమేమోనని విమానాశ్రయంలో
గంటసేపు నన్ను నిలబెట్టారు.
బతాకాలో నా ఉద్యోగం లోడింగ్ కూలీ.
చేసేది వెండిని వెంట్రుకంత సాగదీసి
రెండు పోగులు పేని, నొక్కి, పువ్వుగా చుట్టడం.
కరీంనగర్‌లో దీన్ని తీగపని అంటారు.
పరదా దాటి బల్ల మీదికెక్కితే
"ఒమానీ యాంటిక్" అంటారు.

వెండిని ముసలిదాన్ని చెయ్యడం పెద్ద విద్యేం కాదు.
ఉడికిన గుడ్డు చిదిమి
నగతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే
తెల్లారేసరికి సందుల్లోకి నలుపు దిగుతుంది.
పైపైన బూడిదతో తుడవాలి, అంతే.
ఒక గుడ్డుకి యాభై ఏళ్ళు.
నూరేళ్ళకి రెండు.
ఆ గుడ్లు మాత్రం తినలేం.

పదకొండింటికి పరదా కదిలింది.
"చారీ, పిన్ను వదులైందంట, చూడు."
పిన్నుతో పాటు ఆమే లోపలికొచ్చేసింది.
డెబ్బై ఉంటాయేమో. మెడలో ఓడ కార్డు,
ముక్కు మీద తెల్లటి క్రీము,
మోచేతికి మూడు సంచులు.
ఒకదాంట్లోంచి ఒంటె తల బయటపెట్టి చూస్తోంది.

అరచేయి తెరిస్తే నా నెమలి.
ఒమాన్‌లో నెమలెక్కడిదని
ఇంతవరకు ఎవరూ అడగలేదు.
పోయిన రంజాన్‌లో ఏసీ చెడిన రాత్రి చేశాను.
తోకలో మూడో కన్ను దగ్గర
చెమటచుక్క పడి టంకం ఉలిక్కిపడింది.
ఆ బొబ్బ ఇంకా అక్కడే ఉంది.

ఎంత పాతదని ఆమె అడిగింది.
అర్బాబ్‌ని కాదు, నన్ను.
పరదా సందులో అర్బాబ్ గడ్డం కనిపిస్తోంది.
ఆయన అప్పటికే నూరేళ్ళు చెప్పేశాడు.
పద్దెనిమిది రియాళ్ళు,
నా జీతంలో అయిదో వంతు.

నాకొచ్చిన ఇంగ్లీషు గుప్పెడు.
పేనిన తీగ మీద గోరు పెట్టి
"ఈ మెలిక... మా తాత, తాతకి తాత...
వెరీ ఓల్డ్" అన్నాను.
నెమలి సంగతి ఎత్తలేదు.
గడ్డం సందులోంచి తప్పుకుంది.

ఆమె కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
నెమలిని దీపం కిందికి వంచింది.
వేలితో బొబ్బని తడిమింది.
నా బొటనవేలి మీది కాలిన మచ్చని చూసింది.
మళ్ళీ బొబ్బని.
ఒక్క మాటా అనలేదు.

బయటికెళ్ళి
ఆ బొబ్బ చూపించి
మూడు రియాళ్ళు తగ్గించుకుంది.

అయిదింటికి ఓడ కూత పెట్టింది.
సందులు ఒక్కసారి ఖాళీ అయ్యాయి,
పిల్లులు మెట్ల మీదికి తిరిగొచ్చాయి.
నేను కుంచెతో గది ఊడ్చి
రాలిన రజనంతా రేకుడబ్బాలో పోశాను.
వారం వారం అర్బాబ్ తూస్తాడు.
ఈసారి ఎంతోకొంత తరుగుంటుంది.
పిన్ను బిగిస్తున్నంతసేపూ ఆమె నిలబడ్డ చోట
నేల మీద రెండు చెప్పుల ఆకారాలు
నల్లగా, శుభ్రంగా ఉన్నాయి.
బేరమాడకుండానే కాస్త వెండి ఓడెక్కింది.

అర్బాబ్ అడిగితే గాలి అంటాను.

రేపు రెండు ఓడలట.
నౌషాద్‌ని గుడ్లు తెమ్మన్నాను.