ఉప్పు చూసే మనిషి

లిమా నగరం చివర
మంచుతుంపర నానబెట్టిన మట్టికొండ మీద
నూట డెబ్బై మెట్లెక్కితే ఆ వంటపాక.
రేకుల కప్పు, మూడు రాళ్లు, ఒక డేగిసా.
డేగిసాకి ఎనభై నాలుగు నోళ్లు.

సతుర్నీనా అక్కడ ఉప్పు చూసే మనిషి.
గరిటె చివరి చుక్కలు అరచేతిలో వేసుకుని
నాలుకకి తాకించి, కళ్లు మూసుకుని
"ఇంకొంచెం" అనేది.
ఏమీ అనలేదంటే వడ్డించొచ్చు.

జూన్‌లో ఆమెకి జ్వరం తగిలింది.
ఆక్సిజన్ కోసం కొడుకు ఎవారిస్తో
ఖాళీ సిలిండర్‌ని పసిపిల్లాడిలా దుప్పట్లో చుట్టుకుని
రెండు రాత్రులు బారులో కూర్చున్నాడు.

ఆరోగ్యకేంద్రం ఇచ్చిన కాగితం
నేనే పట్టుకెళ్లాను. నర్సుని కదా.
చేపలు, గుడ్లు, పాలు, రోజుకో రకం పండు,
పూర్తి విశ్రాంతి.
చదువుతుంటే సగంలో గొంతు తగ్గిపోయింది.
చెక్కగోడకి కన్నముంటే ఆ కాగితం మడిచి దోపారు.
చలిగాలి ఆగింది. ఆ మేరకి పనికొచ్చింది.

లంఖణం పరమౌషధం అన్నదెవరో గానీ,
అదే నిజమైతే
ఈ కొండ మీద ఒక్కరికీ దగ్గు కూడా రాకూడదు.

జ్వరానికి ఆకలెక్కువ.
ఇంట్లో ఏమీ దొరక్కపోతే మనిషినే తింటుంది.
ఆమె తొడలు తినేసింది, భుజాలు తినేసింది,
చేతి గాజు మోచేయి దాటి పైకి జారేది.

కోళ్ల అంగడివాడు పారబోసే నెత్తురు
నెమేసియా రోజూ తపేలాలో పట్టి తెచ్చేది.
ఉల్లిపాయ, పుదీనా వేసి పొడిపొడిగా వేయించి
పక్కనే కూర్చునేది.
"ఎలా ఉంది?"
"తడిసిన అట్టలా."
"సరే, అట్టే తిను."
రుచి లేని నోటితో లెక్కపెట్టి మింగేది.
పదకొండు ముద్దల దగ్గర ఆగేది.
మర్నాడు పన్నెండు.
ఒకరోజు మళ్లీ ఏడు.

ఆమె గిన్నె వరకు
పప్పు అడుగునుంచి ముంచేవాళ్లు, చిక్కగా.
మిగతా ఎనభై మూడు గిన్నెలకీ పైతేట.
ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.
పిల్లలు కూడా.

ఆగస్టులో గోడ పట్టుకుని పాక దాకా వచ్చింది.
పది అడుగులకోసారి కూర్చుంటూ.
గరిటె ఇచ్చారు.
చుక్కలు అరచేతిలో వేసుకుంది, నాలుకకి తాకించింది,
కళ్లు మూసుకుంది.

చాలాసేపు మూసుకునే ఉంది.

బారులో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.
అప్పుడు కళ్లు తెరిచి
తొమ్మిదేళ్ల యాదిరాని పిలిచి
అదే అరచెయ్యి దాని నోటి దగ్గర పెట్టింది.
పిల్ల జుర్రుమని లాగి, పెద్దమనిషిలా నుదురు ముడేసి
"ఇంకొంచెం" అంది.

సతుర్నీనా డబ్బాలో చెయ్యి పెట్టింది.
చిటికెడు అంటే ఎంతో వేళ్లకి ఇంకా గుర్తుంది.

నాకూ ఒక గిన్నె పోశారు.
పైనుంచే ముంచారు, పల్చగా.
ఉప్పు సరిపోయింది.